వనవీరుడికి వేల్పు కావాలి

ఫే నైట్‌కి దైవాన్ని ఎంచే పని పాత్ర తయారీలో చివర్న వస్తుంది, అన్నిటికంటే ఎక్కువ రోజులు తింటుంది. పేరు, జాతి, కత్తి, డాలు పది నిమిషాల్లో తేలిపోతాయి. దైవం దగ్గర మాత్రం మూడు ఆదివారాలు పోతాయి. తమాషా ఏమిటంటే, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల ఆట ఐదో కూర్పు పాత్ర కాగితంలో అసలు ఆ గడే లేదు. ఆట నడిపే డీఎం మార్జిన్‌లో పెన్నుతో గీసి, "దేవుడెవరో రాయరా, కథ ముందుకెళ్ళాలి" అంటాడు.

2014లో వచ్చిన ఆ కూర్పు ప్రకారం పాలడిన్ అనే వీరుడికి బలమిచ్చేది అతడు పట్టిన ప్రతినే. దేవుడు ఉంటే మంచిదే, లేకపోయినా మంత్రాలు ఆగవు. ‘ఓత్ ఆఫ్ ది ఏన్షియంట్స్’ అనే ప్రతిన పట్టినవాణ్ణి ఫే నైట్ అంటారు. వెలుగునీ నవ్వునీ పచ్చదనాన్నీ కాపాడటం అతడి ఉద్యోగం. కవచం మీద ఆకులు, పూలు, కొమ్ములు చెక్కించుకుంటాడు. 20వ స్థాయికి చేరాక ఒళ్ళు బెరడు కట్టవచ్చు, జుట్టుకి బదులు ఆకులు మొలవవచ్చు. 2,920 మెగావాట్ల బొగ్గు కరెంటు కేంద్రం ఉన్న చంద్రపూర్‌లో, కిటికీ ఊచల మీద దుమ్ము తుడుచుకుంటూ ఈ ప్రతిన చదవడంలో ఉన్న రుచి వేరే ఊరివాళ్ళకి అందదు.

ఫే అన్న మాటకి తెలుగు వెతికితే ఇంకో ఆదివారం. దేవకన్య కాదు, దయ్యమూ కాదు. యక్షిణి కాస్త దగ్గర. అందంగా ఉంటుంది, ఇచ్చిన మాట తప్పదు, ఆ మాటలో మెలిక ఎక్కడుందో అంతా అయ్యాకే తెలుస్తుంది.

ఇక అభ్యర్థులు. ఫే రాణి టైటానియా, రాజు ఓబెరాన్ దంపతులది మొదటి దరఖాస్తు. షేక్‌స్పియర్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’లో వీళ్ళు కొట్లాడుకున్నది ఒక భారతీయ పిల్లవాడు ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద. మన పిల్లవాణ్ణి పట్టుకుపోయినవాళ్ళకి మనమే దండం పెట్టడం బాగుండదు. మియెలిక్కి అడవుల దేవతే, కానీ పుట్టిల్లు ఫిన్లాండ్ జానపదం. మేలో 45 డిగ్రీలు దాటే చంద్రపూర్‌కి ఆ తల్లిని రమ్మనడం పాపం. మరో అడవి దేవుడు సిల్వానస్ గుర్తు ఓక్ ఆకు. టేకాకు పట్టుకెళ్తే ఒప్పుకుంటాడో లేదో.

ఇంత దూరం పోవడం దేనికి, తాడోబా అడవి పక్కనే ఉందిగా అనిపిస్తుంది. పులితో పోరాడి చనిపోయిన తారు అనే గోండు పెద్దని అడవిబిడ్డలు దేవుణ్ణి చేసుకున్నారు. అడవి పేరు ఆయనదే, చెరువు గట్టున గుడీ ఉంది. ఒక్క అర్హతా తగ్గలేదు. కానీ నిజంగా కొబ్బరికాయ కొట్టేవాళ్ళున్న దేవుణ్ణి పాచికల బల్ల మీదికి లాగడానికి చెయ్యి రాదు. చైత్రంలో తెలంగాణ నుంచి కూడా జనం యాత్రకొచ్చే చంద్రపూర్ మహాకాళి సంగతీ అంతే.

మిగిలింది కుందేలు. గోండు రాజు ఖాండక్యా బల్లాళ్ షా వేటకొచ్చి ఝర్పట్ నది నీళ్ళు తాగితే ఒంటిమీది కణుతులు తగ్గాయట. ఆ తర్వాత నుదుట తెల్లమచ్చ ఉన్న ఒక కుందేలు ఆయన వేటకుక్కని తరుముతూ కనబడిందట. కుందేలు తిరిగిన దారి వెంటే గోడ కట్టించమంది రాణి. చంద్రపూర్ కోటగోడ పుట్టుక కథ ఇది. నాలుగు దర్వాజాలు, ఐదు ఖిడికీలు. సాయంత్రం జట్పురా గేటు దగ్గర ఆటోల మధ్య ఇరుక్కున్న ప్రతివాడూ ఇరుక్కున్నది ఆ కుందేలు గీసిన గీతలోనే.

దైవానికి కావలసిన లక్షణాలు దీనికి పుష్కలం. నుదుట బొట్టుంది. బక్కవాళ్ళ పక్షం. ఊరికి ప్లాన్ గీసి ఫీజు అడగలేదు. చిక్కల్లా చివర్న కుక్క దాన్ని చంపేసిందని కథ చెప్పడం. చచ్చిన దైవం మంత్రాలిస్తుందా అన్న దాని మీద ఒక ఫ్లాస్కు చాయ్ ఖర్చవుతుంది. రెండో ఫ్లాస్కులో అసలు సందేహం పుడుతుంది. తరిమేవాడు దారి ఎంచడు, పారిపోయేవాడే ఎంచుతాడు. అంటే మలుపులన్నీ కుక్కవి, కుందేలు వెనకబడి వచ్చిందంతే. అలాగైతే ఊరికి శిల్పి కుక్క. ప్రాణభయంతో గీసిన ప్లాన్‌కి దైవత్వం చెల్లుతుందా? దీనికి ఏ నిబంధనల పుస్తకంలోనూ పేజీ లేదు. మూడో ఫ్లాస్కు పెట్టనని ఇంటావిడ లోపల్నించే చెప్పేస్తుంది.

ఈ తగువు గోండులకి నవ్వులాట. ఆదిలాబాద్ వైపు రాజ్‌గోండులు నాలుగు, ఐదు, ఆరు, ఏడు వేల్పుల వాళ్ళుగానే పుడతారు. పిల్లని ఏ గుంపు నుంచి తెచ్చుకోవాలో కూడా ఆ లెక్కే చెబుతుంది. జాబితా ముందు పెట్టుకుని ఎంచేవాడు లేడు. తెలుగిళ్ళలో ఇలవేల్పూ ఇంటిపేరులాగే వచ్చి పడుతుంది. మొక్కు చెల్లించడం మరిచి ఏడాదంతా భయపడిన ఇంట్లో, ఫేతో ఒప్పందం అంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు.

బొగ్గుగనుల పనికీ బల్లార్షా కాగితం మిల్లు పనికీ వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబంలో మూడో తరం కుర్రాడు టైటానియా వంశమంతా గడగడా చెబుతాడు. మీ ఇలవేల్పు ఎవరంటే ఫోన్ తీస్తాడు. చెప్పగలిగిన నాయనమ్మ ఇప్పుడు లేదు. పెదనాయన కాసేపు ఆలోచించి, "ఎల్లమ్మో పోచమ్మో బిడ్డా. ఏడాదికోసారి అమ్మ ఒక్కతే పోయొచ్చేది. మేమెవ్వరం ఎంట పోలే" అంటాడు. గుడి ఏ ఊళ్ళోనో ఆయనకీ తెలియదు. ఫోన్ పెట్టేశాక కాసేపు పాచికలు ఎవరూ ముట్టుకోరు.

తర్వాత డీఎం మళ్ళీ గడి చూపిస్తాడు. ప్రస్తుతానికి అందులో పెన్సిల్‌తో ‘కుందేలు’ అని ఉంటుంది. పక్కన ఎవరో ‘కుక్క’ అని రాసి కొట్టేసి ఉంటారు.