యాభై రూపాయల ఆసామి అర్జీ

మహారాజశ్రీ భారత పార్లమెంటు వారి సముఖమునకు,

నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో మామిడి తోట గల ఆసామి చేసుకునే మనవి. 2022లో మా జిల్లా పేరు కృష్ణా పోయి ఎన్టీఆర్ అయింది గానీ సంక్రాంతికి తోట గిరాకీ ఏమీ తగ్గలేదు. 65వ నంబరు హైవే పక్కనే, గరికపాడు దాటితే తెలంగాణ. భోగి పొద్దున్నే అటువైపు కార్లన్నీ మా గట్టు మీదే ఆగుతాయి.

కోడిపందేల బరి నాది కాదు, నేల మాత్రమే నాది. షామియానా వేరొకరిది, గుండాట బల్ల ఇంకొకరిది. కత్తి కట్టేవాడు చెట్టు కింద గొంతుక్కూర్చుని, కోడి కాలికి దారం బిగిస్తూ ఎవరితోనూ మాట్లాడడు. ఫ్లడ్‌లైట్ల వేడికి, దుమ్ముకు మామిడి పూత రాలిపోతుంది. రాలనీయండి. మూడు రోజులకు నాకు ముట్టేది మామిడి కాయల మీద మూడేళ్లకు కూడా రాదు.

ఇంతకీ నా బాధ శిక్ష గురించి. జంతువుల పోట్లాటకు స్థలం ఇచ్చినవాడూ నేరస్థుడేనని తమరు 1960లోనే జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో రాశారు. సంతోషం. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, యాభైకి మించకుండా! పక్క చేనువాడు కారు పార్కింగుకు బండికి వసూలు చేసేది అంతకన్నా ఎక్కువ. వాడి ముందు నాకు తలవంపులుగా ఉంది.

పోనీ, బరిలో కొట్లాట జరిగి అల్లరిమూక చేరితే? ముందే తెలిసీ స్టేషన్‌కు కబురు చేయని భూస్వామికి వెయ్యి రూపాయల లోపు జరిమానా అని 1860 నాటి శిక్షాస్మృతి 154వ సెక్షన్ చెప్పింది. అప్పట్లో వెయ్యంటే జమీందారు కూడా ఉలిక్కిపడాలి. 2024 జులైలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది, సెక్షన్ 193 అయింది. వెయ్యి మాత్రం వెయ్యిగానే ఉంది. తెల్లదొరల వాసన వదిలిస్తామని చట్టం మొత్తం తిరగరాసి, రేటు మాత్రం దొరలదే ఉంచారు.

తమకు కరుకుదనం తెలియదని అనలేను. అదే తోటలో పంపుషెడ్డును గంజాయి మూటలకని తెలిసే ఇస్తే, 1985 మాదకద్రవ్యాల చట్టం 25వ సెక్షన్ కింద అసలు నేరస్థుడికెంతో నాకూ అంతే. కాబట్టి పంపుషెడ్డుకు తాళం వేసే ఉంచుతాను. తోటకే తాళం లేదు.

ఇంకొక సందేహం, ఇది మన రాష్ట్రానికి. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల ఏడాదే, 2013లో, వందమంది చేరే చోట యజమాని సీసీ కెమెరాలు పెట్టాలి, రికార్డు ముప్ఫై రోజులు దాచాలి అని ప్రజా భద్రత చట్టం తెచ్చారు. పెట్టకపోతే జరిమానా వేలల్లో. పాపం, ఊళ్లో ఫంక్షన్ హాలువాడు అప్పు చేసి పెట్టాడు. మా బరిలో వేలమంది చేరతారు. మేమూ పెట్టాలా? పెడితే ముప్ఫై రోజులు ఆ రికార్డు ఎవరికి భయపడి దాచాలి?

మళ్లీ ఆ 11వ సెక్షన్‌కే వస్తే, రెండోసారి మూడేళ్లలోపు పట్టుబడితే వంద వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేకుంటే రెండూనట. జైలు సంగతి ప్లీడరు చూసుకుంటాడు. కాస్త మా హోదాకు తగ్గట్టు జరిమానా పెంచమని మాత్రమే నా కోరిక.

ఇట్లు,
విధేయుడు, ఒక ఆసామి

జత: వంద రూపాయల నోటు ఒకటి. చిల్లర పంపనక్కర్లేదు, వచ్చే సంక్రాంతికి జమ వేసుకోండి.