సెంటర్ల శాఖ మంత్రిగారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన సెంటర్ల శాఖ మంత్రివర్యులకు చంద్రశేఖరపురం పౌరుడొకడు నమస్కరించి చేసుకొను విన్నపం.

ఆర్యా, తమ శాఖను ప్రభుత్వం ఇంకా పెట్టలేదు. అందుకే తమకు రాస్తున్నాను. ఉన్న శాఖలకు రాసి లాభం లేదు. ఊరి నడిమి నాలుగు రోడ్ల కూడలిలో తారు ఒక శాఖది, కాలవ మరొకరిది, స్తంభం ఇంకొకరిది, విగ్రహం దాని కమిటీది, ఫ్లెక్సీ ఆ నెల పుట్టినరోజు ఎవరికొస్తే వారిది. ఇవన్నీ పోగా మధ్యలో మిగిలే ఖాళీ ఎవరిదో ఏ రికార్డులోనూ ఉండదు. దిక్కు లేని ఆ ఖాళీకి తమరే దిక్కు.

మేమెవరమో ముందు చెప్పాలి కదా. మేం ఉన్నచోటే ఉన్నాం, జిల్లాలే మా మీదుగా నడిచి వెళ్లాయి. 1970 ఫిబ్రవరి దాకా కనిగిరి తాలూకాతో పాటు నెల్లూరు జిల్లా వాళ్లం. అప్పట్లో మార్కాపురం, గిద్దలూరు కర్నూలు కింద, ఒంగోలు గుంటూరు కింద ఉండేవి. ముగ్గురి దగ్గరా తలా కాస్త కోసి ఒంగోలు జిల్లా కుట్టారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, మాదీ ఒక మండల కేంద్రమైంది. 2025 చివర్న మార్కాపురం జిల్లా ఏర్పడి, మేం అందులోకి వెళ్లాం. దరఖాస్తు మీద జిల్లా పేరు రాసేముందు మా పెద్దవాళ్లు ఒక్క క్షణం కలం ఆపుతారు. దాన్ని మతిమరుపు కింద జమకట్టవద్దని మనవి.

కొత్త జిల్లా అంటే కొత్త కట్టడాలు. కలెక్టరేటుకింత, పోలీసు కార్యాలయానికింత, కోర్టుకింత అని స్థలాలు లెక్కగడతారు. ప్రహరీ గోడ పొడవు కూడా ముందే తేలుతుంది. జనం నిలబడేందుకు, కూర్చునేందుకు, ఎదురుచూసేందుకు ఇంత అని ఎవరూ గీయరు. నా గోలంతా దీని గురించే.

ఈ సంగతిలో పోలికకు హైదరాబాదు దాకా పోవాలి. మాకు అదేం దూరం కాదు. వానలు మొహం చాటేసిన ఏడాది మా పల్లెలు బేల్దారి పనికి పోయేది ఆ దారినే. అక్కడి అపార్టుమెంట్లకు ఇటుక మోసినవాళ్లు చార్మినార్ చూడకుండా తిరిగిరారు. చూసేది మాత్రం చార్మినార్‌ని, దాని ముందున్న జాగాను కాదు. అసలు కథంతా ఆ జాగాలో ఉంది.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించాడు. నగరానికి నమూనా గీసినవాడు ఆయన ప్రధాని మీర్ మోమిన్. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే బాట మరో బాటను కోసే చోట దాన్ని నిలిపారు. అక్కడితో ఆగితే అదొక ట్రాఫిక్ ఐలాండు అయ్యేది. ఆగలేదు. దానికి ఉత్తరాన పెద్ద ఆవరణ ఒకటి వదిలి, నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు లేపారు. చార్ కమాన్ అంటే అవే. ఒకటి రాజు మేడలకు వాకిలి, ఒకటి నగారా మోగే చోటు. ఆ నాలుగింటి నడుమ ఖాళీకి జిలూఖానా అని పేరు, సైనికులు వరుస తీరే మైదానం. సరిగ్గా మధ్యలో ఒక నీటి కుండం, ఇవాళ్టి గుల్జార్ హౌజ్. రాజు వాకిటికి చేరాలంటే ఎంతటివాడైనా ఆ ఖాళీ దాటాలి, ఆ నీళ్ల పక్కగా నడవాలి.

చార్మినార్ మీదికి నీరెక్కించి, ఆ ఎత్తు నుంచి మేడలకు పంపేవారని 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో రాశాడు. ఫ్లోరైడు నీళ్లు తాగి కీళ్లు బిగుసుకున్న కనిగిరి సీమవాళ్లకు ఆ ముక్క దగ్గర కళ్లు ఆగిపోతాయి. నీళ్లు రాజుగారి మేడకే పోయాయనుకోండి. అయినా కుండం నలుగురూ తిరిగే నడిబజార్లోనే ఉంది.

తర్వాత ఏమైందో తమకు చెప్పక్కర్లేదు. 1687లో గోల్కొండ పడింది. మేడలు పోయాయి. చార్ కమాన్లు నిలిచాయి, వాటి మధ్య మైదానం మాత్రం నిలవలేదు. దాన్ని ఏ సైన్యమూ కూల్చలేదు సుమా! ఒక దుకాణం, దాని ముందు ఒక చూరు, ఆ చూరు కింద ఒక బల్ల, ఇలా జానెడు జానెడుగా పోయింది. ముత్యాలు, వెండి అమ్మే అంగళ్లు కమాన్ల పాదాల దాకా వచ్చేశాయి. హౌజ్ ఇప్పుడు ఆటోలు చుట్టుతిరిగే గుండ్రటి గట్టు. నాలుగు కమాన్లు ఒకదాన్నొకటి చూసుకోవాలని కట్టినవన్న సంగతి, తెల్లవారుజామున అంగళ్లు తెరవకముందు వెళ్తే తప్ప తెలియదు. చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. టైము చూసుకుంటూ నిలబడే చోటు ఆసరికే తగ్గిపోయింది కాబోలు.

పోయింది తిరిగి రాదని తమ అధికారులు ఫైలు మీద రాస్తారేమో. అదే ఊళ్లో 1935 నాటి మొజంజాహి మార్కెట్టును చూపించండి. గ్రానైటు రాతి కట్టడం, నెత్తిన గడియారం. మొన్న మొన్నటిదాకా రేకులూ బోర్డులూ వైర్లూ కమ్మి అది కట్టడమో గుట్టో తెలిసేది కాదు. అవి తీసి బాగుచేసి 2020లో తెరిచారు. కొత్తగా కట్టింది తక్కువ, తీసేసింది ఎక్కువ.

తీసేయడమంటే మావాళ్లకు కొత్త కాదు. మా మండలంలోనే భైరవకోన ఉంది. కొండ తొలిచి ఎనిమిది శివాలయాలు చేశారు. రాయి ఎక్కడ తీసేశారో అక్కడ దేవుడున్నాడు. తమరు ఒక పూట వీలు చేసుకుని రండి, జలపాతం పక్కనే కూర్చుని ప్లాన్లు చూద్దాం. కాకపోతే సిమెంటు కంపెనీ వాళ్లను వెంట తేకండి.

ఇక కోరికలు. మార్కాపురంలో చెన్నకేశవస్వామి గుడి ఉంది, విజయనగర కాలపు శిల్పాలున్న మండపంతో. జిల్లా కేంద్రం పెరిగేది దాని నీడలోనే. గుడి ముందు రథం తిరిగే మేర ఖాళీగా ఉంచండి. ఏడాదికి ఒకసారే కదా తిరిగేది అని మధ్యలో ఏదో ఒకటి కట్టాలని తోచడం సహజం. తోచినప్పుడు గుల్జార్ హౌజ్ చుట్టూ ఒకసారి ఆటోలో తిరిగి రండి. ఆంధ్ర పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకరాయి మార్కాపురందే. కలెక్టరేటుకు మెరిసే రాళ్లు రాజస్థాన్ నుంచి తెప్పించకుండా బయట పొడవాటి అరుగులు ఆ రాతితోనే వేయించండి. గ్రీవెన్సుకు పల్లె నుంచి వచ్చిన ముసలాయన పొద్దంతా కూర్చునేది లోపలి కుర్చీలో కాదు, బయటే. ఆ అరుగు మీద నీడ, అరుగు పక్కన మంచినీళ్ల కుళాయి, కుళాయికి నీళ్లు. మూడోది మరచిపోయే అలవాటు ఉంది కాబట్టి విడిగా రాశాను.

విగ్రహాల సంగతి సున్నితం. ఎవరి విగ్రహం వద్దనే ధైర్యం నాకు లేదు, తమకూ ఉండదు. కాబట్టి వద్దనను, నడిమధ్య పెట్టవద్దంటాను. ఒక పక్కన చెట్టు కింద పెడితే మహనీయులకూ ఎండ తగలదు, బస్సు మలుపు తిరగడానికీ చోటుంటుంది.

మా చంద్రశేఖరపురానికి పెద్దగా ఏమీ అడగను. జిల్లా కేంద్రం కాదు, మున్సిపాలిటీ కాదు. కనిగిరి బస్సు, పామూరు బస్సు ఆగే చోట ఉన్న జాగాను కొలిపించి, ఇది జనానిది, ఇందులో ఎవరూ ఏమీ కట్టరాదు అని ఒక రాయి పాతించండి. రాయి కూడా ఓరగా పాతించండి.

జవాబు పంపదలచుకుంటే నా చిరునామా సులువు. సెంటర్లో టీ కొట్టు ముందు, మోటారుసైకిళ్లకూ ఫ్లెక్సీకి కట్టిన తాడుకూ మధ్య నిలబడి ఉంటాను. జరగడానికి చోటు లేదు, కాబట్టి అక్కడే ఉంటాను.

ఇట్లు,
తమ శాఖ పుట్టుక కోసం ఎదురుచూస్తున్న
ఒక చంద్రశేఖరపురం వాసి