పాట ఏ జోన్‌కు చెందుతుంది?

పాటకు మార్కులు వేయాలంటే ముందుగా దానిని వినక తప్పదన్న నిబంధన సంగీత విమర్శను చిరకాలంగా వేధిస్తూ వచ్చింది. 2024 మే చివరి వారంలో తెలంగాణ సినీ మ్యుజీషియన్స్ అసోసియేషన్ ముఖ్యమంత్రికి రాసిన లేఖతో ఆ వేధింపు ముగిసింది. అందెశ్రీ రచించిన రాష్ట్ర గీతం ‘జయ జయహే తెలంగాణ’కు ఆంధ్ర ప్రాంతానికి చెందిన ఎం.ఎం. కీరవాణి చేత స్వరాలు కూర్పించడం తగదనీ, ఆ గౌరవం తెలంగాణ కళాకారులకే దక్కాలనీ సంఘం కోరిన నాటికి ఆ స్వరాలు ప్రజల చెవిన పడనే లేదు. రెండున్నర నిమిషాల రూపమైనా, పదమూడున్నర నిమిషాల రూపమైనా జూన్ 2న గానీ వెలువడలేదు. స్వరకర్తను ఎంచుకునే బాధ్యతను కవికే అప్పగించామని ముఖ్యమంత్రి చెప్పినా వాదం ఆగలేదు; ఎందుకంటే ఆ తీర్పుకు రాగంతోనూ లయతోనూ నిమిత్తం లేదు, స్వరకర్త పుట్టిన ఊరి పేరు తెలిస్తే చాలు.

ఇంతటి సులభ ప్రమాణాన్ని ఒక్క పాటకే పరిమితం చేయడం శాస్త్రానికి అన్యాయం చేయడమే అవుతుంది. సినిమా ఆల్బమ్‌లకు ఐదింట రెండు ముప్పావు నక్షత్రాలని తేల్చే ప్రస్తుత రేటింగ్ పద్ధతిలో అభిమానులు పావు నక్షత్రం కోసం తెల్లవార్లూ తగవులాడుకుంటున్నారు. కొత్త పద్ధతిలో ఆ ప్రయాస ఉండదు. రచయిత జనన ధ్రువపత్రానికి ఒకటి, స్వరకర్త బోనఫైడ్‌కు ఒకటి, గాయకుల నివాస పత్రానికి ఒకటి, వాద్యాల మూలానికి ఒకటి, రాగం పుట్టుపూర్వోత్తరాలకు ఒకటి చొప్పున నక్షత్రాలు కేటాయించి, తహసీల్దారు సంతకంతో మీ సేవ కేంద్రంలో రేటింగ్ జారీ చేయవచ్చు. విమర్శకుడికి చెవులు ఉండవలసిన పని లేదు.

ఈ పద్ధతికి కావలసిన చట్రం ఇదివరకే సిద్ధంగా ఉంది. ఉద్యోగ నియామకాల్లో స్థానికత అంటే అభ్యర్థి ఏ ప్రాంతానికి చెందినవాడో నిర్ణయించే హోదా. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికులవుతారు, స్థానిక కేడర్ కొలువుల్లో 95 శాతం వారికే దక్కుతాయి. జిల్లాలను ఏడు జోన్లుగా, ఆ జోన్లను రెండు మల్టీ జోన్లుగా విభజించారు. 2016 అక్టోబరు 11 దాకా ఒకే వరంగల్ జిల్లాలో ఉన్న భూపాలపల్లి ఇప్పుడు కాళేశ్వరం జోన్‌లో, మహబూబాబాద్ భద్రాద్రి జోన్‌లో, జనగామ యాదాద్రి జోన్‌లో ఉన్నాయి; పైగా మొదటి రెండూ ఒక మల్టీ జోన్, మూడోది మరొకటి. కాబట్టి కీరవాణి ఊరైన కొవ్వూరు దాకా వెళ్లనవసరం లేకుండానే, జనగామలో పుట్టిన పాట మహబూబాబాద్‌లో స్థానికేతరమని నిరూపించవచ్చు.

ఈ సూత్రానికి మొదట గురికావలసినది ఒగ్గు కథ. శివుని డమరుకమైన ఒగ్గును వాయిస్తూ, డోలు, తాళాల తోడుతో మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల గాథలను చెప్పే ఈ కళకు 2017లో కన్నుమూసిన చుక్క సత్తయ్య దేశమంతటా పేరు తెచ్చారు. ఆయన స్వగ్రామం మాణిక్యపురం జనగామ జిల్లాలో ఉంది గనుక కథకుడు యాదాద్రి జోన్‌వాడు. కథానాయకుడైన మల్లన్న కొలువున్న కొమురవెల్లి మాత్రం జిల్లాల విభజనలో సిద్దిపేటకు చేరి రాజన్న జోన్‌లో పడింది. భక్తుడికి ఒక జోన్, దేవుడికి మరో జోన్ అయిన ఈ కథను భద్రాద్రి జోన్‌లోని కురవి జాతరలో చెప్పదలచినవారు 95 శాతం వీరభద్రుని కథ చెప్పి, మిగిలిన 5 శాతం ఓపెన్ కోటాలో మల్లన్న పెళ్లిని ముగించవలసి ఉంటుంది. మహబూబాబాద్ తండాల్లో తీజ్ పండుగకు గోధుమ మొలకల చుట్టూ లంబాడా ఆడపిల్లలు పాడే పాటలది మరింత క్లిష్టమైన దరఖాస్తు. వారి భాష రాజస్థానీ కుటుంబానికి చెందినది గనుక ఆ మొలకలకు సైతం బోనఫైడ్ అడగవలసి వస్తుంది.

వాద్యాల నక్షత్రం దగ్గర ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించింది. చిందు అంటే పాట, నృత్యం, అభినయం కలగలిసిన వీధి రంగస్థలం. అటువంటి రంగస్థలాల మీద తరాలుగా శ్రుతి పట్టిన హార్మోనియం 19వ శతాబ్దపు పారిస్‌లో రూపుదిద్దుకున్నది కావడంతో దానిని వెంటనే ఫ్రాన్సుకు తిప్పి పంపాలి. రాగాల విషయానికి వస్తే సింధుభైరవి పాస్‌పోర్టు, సౌరాష్ట్ర రాగం గుజరాత్ నివాస పత్రం తేవలసినవే. పాలకుర్తివాడైన పాల్కురికి సోమనాథుడిపై పాత ఫైలు కూడా తెరవక తప్పదు. ఒక గ్రంథంలో కన్నడదేశపు బసవన్నను, మరొక గ్రంథంలో ద్రాక్షారామానికి చెందిన మల్లికార్జున పండితారాధ్యుణ్ణి కీర్తించి, జనగామ గడ్డ మీది రెండు కథానాయక స్థానాలనూ ఆయన స్థానికేతరులకు కట్టబెట్టాడు.

ఇక 2023 నాటి ఆస్కార్‌ను పంచుకోవలసి ఉంది. ‘నాటు నాటు’ పాట రాసిన చంద్రబోస్‌ది భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలంలోని చల్లగరిగ; దానికి బాణీ కట్టిన కీరవాణిది గోదావరి ఒడ్డున ఉన్న కొవ్వూరు. ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన ఆ పురస్కారంలో మాటల మేరకు గర్వపడి, బాణీ మేరకు నిరసన తెలపడం కొత్త విధానం ప్రకారం ప్రతి తెలంగాణ పౌరుడి బాధ్యత. చప్పట్లు కొట్టేటప్పుడు ఒక చేయి మాత్రమే వాడడం ఇందుకు అనువైన మార్గం.

అన్నింటినీ మించిన చిక్కు రాష్ట్ర గీత రచయిత వద్దనే ఉంది. కీరవాణి 1961 జులై 4న, అందెశ్రీ అదే నెల 18న, అప్పటికి ఒకటిగా ఉన్న రాష్ట్రంలోనే పుట్టారు. అందెశ్రీ పుట్టిన రేబర్తి ఒకప్పుడు వరంగల్ జిల్లా జనగామ ప్రాంతంలోని ఊరు, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోనిది. కాపరిగా, తాపీ పనివాడిగా బతికి, బడి మెట్లెక్కకుండానే కవి అయిన మనిషిని ఒకటి నుంచి ఏడో తరగతి వరకు బోనఫైడ్ తెమ్మంటే ఏ హెడ్‌మాస్టరూ సంతకం చేయలేడు. చదువు లేనివారికి నివాస పత్రం చాలునన్న వెసులుబాటు ఉన్నప్పటికీ, దానిని పాత జిల్లా పేర ఇవ్వాలో కొత్త జిల్లా పేర ఇవ్వాలో తేలేదాకా రాష్ట్ర గీతం రేటింగ్‌ను పెండింగ్‌లో ఉంచవలసిందే.

ఇక్కడితో పరిహాసం చాలు. తెలంగాణ కళాకారులకు తెలుగు సినిమాలో తగిన చోటు దక్కలేదన్నది నిజం. దశాబ్దాల పాటు ఈ ప్రాంతపు యాసను హాస్యగాళ్లకూ రౌడీలకూ వదిలేసిన పరిశ్రమ అది. ఆ గాయం మీద కోపం న్యాయమైనదే అయినా, దానిని పుట్టుకల పంచాయితీగా మార్చినవారు ఆ న్యాయానికే చేటు చేశారు. ఈ వివాదానికి మూడు వారాల ముందే, మే నెల మొదట్లో, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే పద్మశ్రీ దర్శనం మొగులయ్య హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో ఒక నిర్మాణ స్థలంలో దినకూలీగా పనిచేస్తూ కనిపించారు; నెలనెలా వచ్చే 10 వేల రూపాయల గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. ఆయన ఊరు నాగర్‌కర్నూల్ జిల్లాలోనిది, వాద్యం ఈ మట్టిది, పాట ఈ ప్రజలది. జన్మస్థలమే ప్రమాణమైతే ఐదు నక్షత్రాలూ ఆయనవే, అయినా ఆ స్థానికత ఒక్క పూట కూలికైనా అక్కరకు రాలేదు. ఒక పాట గౌరవం ఎవరికి దక్కాలని అంతగా గొంతులు చించుకున్న సమాజం, పాడే మనుషుల పింఛనునూ, పారితోషికాన్నీ, వారి గొంతును రికార్డు చేసి అమ్ముకునేవారి నుంచి రావలసిన వాటానూ అదే గొంతుతో అడగాలి. స్వరకర్త ఊరు అడిగిన నోరు కళాకారుడి కూలి అడగకపోతే దానికి ప్రాంతాభిమానమని పేరు పెట్టుకునే అర్హత లేదు. అది కళాకారుడి ఆకలిని మరుగుపరచడానికి రాష్ట్రం పేరును వాడుకోవడమే.