అవ్వా, జర పక్కకు జరుగు

పోయిన మాఘమాసంలో ఒక పొద్దున శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడి మెట్ల మీద కూర్చుని ఉన్నాను. పుష్కరిణి నిండుగా ఉంది, గోపురం నీడ నీళ్ళలో కదలకుండా నిలబడి ఉంది. హైదరాబాదు నుంచి రెండు కార్లు వచ్చి ఆగాయి. పెళ్ళి కుదిరిన జంట, వాళ్ళ వెంట ఏడుగురు. ముగ్గురి చేతుల్లో కెమెరాలు, ఒకడి దగ్గర డ్రోను, ఒకడి దగ్గర గింబల్, ఒకడు రిఫ్లెక్టరు పట్టుకున్నాడు, ఇంకొకడు బట్టల సూట్‌కేసులు మోస్తున్నాడు. నీళ్ళ ఒడ్డున కింది మెట్టు మీద మా వాడకట్టు అవ్వ ఒకామె చింతపండు పెట్టి బిందె తోముకుంటోంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె తోమేది ఆ మెట్టు మీదనే. కెమెరా పట్టుకున్న పిల్లగాడొకడు పై నుంచి అన్నాడు: "అవ్వా, జర పక్కకు జరుగు. ఫ్రేములకు వస్తున్నవ్."

అవ్వ ఏమీ అనలేదు. సగం తోమిన బిందె ఎత్తుకుని లేచిపోయింది.

నాకు కడుపులో రగిలింది. నలభై ఏళ్ళకు పైగా ఫొటోలు తీసి బతికినవాణ్ణి. 1974లో పెబ్బేరులో ఒక స్టూడియోలో హైపో కలిపే పనికి కుదిరి, తర్వాత సొంతంగా పెట్టుకుని, కళ్ళు మసకబారే దాకా అదే పని చేశాను. "నవ్వండి" అని ఎందరితోనో అన్నాను. "దగ్గరగా జరగండి" అన్నాను. తన ఇంటి ముందర తన పని తాను చేసుకునే మనిషిని మాత్రం పక్కకు పొమ్మనలేదు.

ఆ పిల్లగాడు చెడ్డవాడేమీ కాదు. జంట బట్టలు మార్చుకోవడానికి పోయినప్పుడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. నేనూ ఫొటోగ్రాఫర్‌నే అని చెప్పగానే కెమెరా తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. సోనీ ఏ7 మార్క్ 3. 2018లో వచ్చిన మోడల్, సెకనుకు పది ఫొటోలు తీస్తుంది. మనిషి కన్ను ఎక్కడుందో తనే వెతికి పట్టుకుంటుంది. గుడి లోపల మండపంలో దీపం వెలుగుకు తీసిన ఫొటో చూపించాడు. స్తంభం మీది చెక్కడం గీత గీతా తెలుస్తోంది. మా కాలంలో ఆ మండపంలో ఫొటో కావాలంటే ఫ్లాష్ కొట్టాల్సిందే. కొడితే ముందున్న ముఖం సున్నం వేసిన గోడలా వచ్చేది, వెనకంతా చీకటి. వనపర్తి రాజులు పద్దెనిమిదో శతాబ్దంలో కట్టించిన ఆ స్తంభాలను నేను జీవితమంతా చూస్తూ తిరిగాను, ఒక్కసారీ సరిగ్గా తీయలేకపోయాను. ఈ పిల్లగాడు అరక్షణంలో తీశాడు. చూసి నా కళ్ళు చెమర్చాయి. ఇంత గొప్ప పనిముట్టు చేతిలో ఉంది కాబట్టే నా కోపం.

నా చేతిలో ఉండినది యాషికా మ్యాట్ 124 జి. పైకీ కిందికీ రెండు కళ్ళ కెమెరా. ఒక రీలుకు పన్నెండే ఫొటోలు. ఫిల్ము తూర్పు జర్మనీ ఓర్వో దొరికితే ఓర్వో, లేకపోతే ఊటీలో తయారయ్యే ఇందు. ఆ కెమెరాను కంటికి ఆనించుకోవడం ఉండదు. రొమ్ము దగ్గర పట్టుకుని, తల వంచి, పైన గాజులో చూడాలి. ఎవరి ఫొటో తీసినా ముందు వాళ్ళ ముందర తల వంచాల్సిందే. ఆసామి అయినా, జీతగాడైనా. మన ముఖానికి ఏదీ అడ్డం ఉండదు కాబట్టి ఎదుటి మనిషి కెమెరాను చూసి బిగుసుకుపోయేవాడు కాదు, మనతో మాట్లాడుతూ ఉండేవాడు. గాజులో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనపడుతుంది. అది చేతికి అలవాటు కావడానికి నాకు ఒక ఏడాది పట్టింది.

ఇక డార్క్ రూము. డెవలపరు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలని డబ్బా మీద రాసి ఉంటుంది. మా పాలమూరు ఎండాకాలంలో నీళ్ళు ఎప్పుడు ఇరవైకి దిగాయి? నీళ్ళు వేడెక్కితే ఫిల్ము మీది పూత మెత్తబడి, గోరు తగిలితే చాలు ఊడొచ్చేది. ఇసుకలో నాలుగు కొత్త కుండలు పాతి, వాటికి తడి గోనెసంచులు చుట్టి, నడిజాము దాటాక ఆ నీళ్ళతో కడిగేవాళ్ళం. ఎన్‌లార్జర్ బల్బు వెలుగు వోల్టేజీని బట్టి మారేది. ఊరంతా లైట్లు ఆర్పి పడుకున్నాక గానీ ప్రింటు సమంగా వచ్చేది కాదు. ఇప్పటి పిల్లలు ఈ తిప్పలు పడలేదని నాకేమీ బాధ లేదు. ఎవరూ పడకూడని తిప్పలవి, కుండల్లో నీళ్ళు పోసిపోసి నా నడుము పోయింది.

నన్ను బాధపెట్టేది లెన్సు. ఆ పిల్లగాడి కెమెరా మీద ఉన్నది 85 ఎంఎం, 1.4. మనిషిని ఆరేడడుగుల దూరంలో నిలబెట్టి, లెన్సు రంధ్రం పూర్తిగా తెరిచి ఎఫ్ 1.4లో తీస్తే, స్పష్టంగా వచ్చేది రెండంగుళాల మందం కూడా ఉండదు. కన్ను తేటగా ఉంటే చెవి అప్పటికే మసక. ఇక వెనక ఉన్న గోపురం, నీళ్ళు, పుట్టి, మెట్లు అన్నీ వెన్న రాసినట్టు కరిగిపోతాయి. దాన్ని వాళ్ళు అందం అంటారు, ఆ మసక కోసమే లెన్సుకు లక్ష రూపాయల దాకా పోస్తారు. నూట యాభై కిలోమీటర్లు కారు తోలుకుంటూ శ్రీరంగాపూర్ వచ్చి, శ్రీరంగాపూర్‌ను మసక చేసి పోతున్నారు. ఆ మసకకు హైదరాబాదులో ఏ పార్కు గోడ చాలదు?

మేము ఎండలో ఆ రంధ్రం సన్నం చేసి ఎఫ్ 16 పెట్టేవాళ్ళం. పాతికడుగుల దూరానికి ఫోకస్ చేస్తే, పదమూడడుగుల నుంచి గోపురం కలశం దాకా అంతా తేటగా వచ్చేది. మనిషి వెనక ఆయన ఇల్లు, ఇంటి పక్కన గడ్డివాము, వాము మీద కోడి. ఊళ్ళో వాళ్ళు అదే అడిగేవాళ్ళు. "ఇల్లు రావాలె, ఎద్దులు రావాలె" అనేవాళ్ళు. బ్యాంకులో బర్రె లోను తీసుకున్న రైతు బర్రె పక్కన నిలబడి ఫొటో దిగి కాగితాలకు జతచేసేవాడు. బొంబాయికి లేబర్ పనికి పోయే కుటుంబం బస్సెక్కే ముందు రోజు, ముసలివాళ్ళను ఊళ్ళో విడిచిపోతాం కదా అని, అందరూ కలిసి గడప ముందర నిలబడి తీయించుకునేది. ఒక ప్రింటు ముసలివాళ్ళ దగ్గర, ఒకటి బొంబాయికి. గడప రాకపోతే ఆ ఫొటోకు డబ్బులిచ్చేవాళ్ళు కాదు.

1981లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు పైకొచ్చినప్పుడు నాకు గడప విలువ బాగా తెలిసింది. కృష్ణకు రెండు వైపులా వందకు పైగా ఊళ్ళు మునిగాయి. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని రాయి రాయి విప్పి, తెచ్చి, మళ్ళీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి చేర్చారు. గుడులకు ఆ భాగ్యం దక్కింది. ఇళ్ళకు ఎవరున్నారు? ఏటి ఒడ్డు ఊళ్ళ నుంచి మనుషులు వచ్చి నన్ను సైకిలు మీద తీసుకుపోయేవాళ్ళు. ఇంటి ముందర నిలబడేవాళ్ళు. అప్పటికే కొన్నింటికి తలుపులు, దూలాలు ఊడదీసి బండ్ల మీద వేశారు. కప్పు లేని గోడల ముందర, కొత్త బట్టలు కట్టుకుని, పిల్లల తలలకు నూనె రాసి నిలబడ్డ కుటుంబాలను తీశాను. ఒక పెద్దాయన నన్ను ఆపి, వెనక గూట్లో దీపం పెట్టి వచ్చి నిలబడ్డాడు. ప్రింటులో ఆ దీపం చుక్క కనపడుతుంది. ఎఫ్ 1.4లో తీసి ఉంటే ఆ గూడు ఏమయ్యేది?

ఇంకొకటి చెబుతాను, ఇది నేను ఎవరికీ చెప్పలేదు. తల్లి చనిపోయిందని కబురొచ్చి బొంబాయి నుంచి వచ్చిన ఒకతను, పదకొండో రోజుకు దండ వేయడానికి ఫొటో కావాలని నా స్టూడియోకు వచ్చాడు. ఆమె జీవితంలో ఒక్క ఫొటో దిగలేదు. "మా అమ్మ ఫలానా వాళ్ళ పెండ్లిల గిన్నెలు తోమింది, నువ్వే ఫొటోలు తీసినవ్, ఏమన్న ఉంటదేమో చూడు నాయినా" అన్నాడు. 1983 నాటి పెళ్ళి. నెగెటివ్‌లన్నీ రేకు డబ్బాల్లో ఉన్నాయి. బల్బు ముందర ఒక్కొక్కటే పెట్టి చూశాం. పెళ్ళివారి గ్రూపు ఫొటోలో, ఎడమ అంచున, పందిరి గుంజ పక్కన, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకామె నిలబడి ఉంది. ముఖం నెగెటివ్ మీద బియ్యపు గింజంత కూడా లేదు. "గదే మా అమ్మ" అన్నాడు.

ఎన్‌లార్జర్ తలను పైదాకా ఎత్తినా ఆ ముఖం సరిపోలేదు. బల్ల అంచు మీద తలను వెనక్కి తిప్పి, వెలుగు నేల మీద పడేట్టు చేసి, నేల మీద కాగితం పరిచాను. ఫిల్ము గింజలు ఆవాల్లా లేచాయి. అయినా కళ్ళు తెలిశాయి, నుదురు తెలిసింది. అతను ఆ ఫొటోను తడిగానే చేతుల్లోకి తీసుకున్నాడు. పెళ్ళి రోజు ఆమె అక్కడ నిలబడిందని నాకు తెలియనే తెలియదు. ఎవరో ఒకరు "ఓ అమ్మా, పక్కకు జరుగు" అని ఉంటే ఆ మనిషి ముఖం ఈ భూమ్మీద ఎక్కడా మిగిలేది కాదు.

అందుకే ఆ రోజు మెట్ల మీద తర్వాత జరిగింది నాకు మింగుడుపడలేదు. అవ్వ లేవకముందే తీసిన ఒక ఫొటో ఆ పిల్లగాడి ఫోనులోకి వచ్చింది. జంట వెనక, కుడి మూలన, అవ్వ సగం వీపు, బిందె. అతను వేలితో ఆమె మీద రుద్దాడు. అవ్వ పోయింది. ఆమె ఉన్న చోట మెట్టు రాయి పుట్టుకొచ్చింది, రాయి మీద నాచు కూడా పుట్టింది. 2021లో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోనుతో ఈ రబ్బరును తెచ్చింది, ఇప్పుడు చాలా ఫోన్లలో ఉందట. "చూడు తాతా, ఎంత క్లీన్‌గ అయిందో" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మేమూ రీటచింగ్ చేశాం. పెన్సిలు మొన చెక్కి, నెగెటివ్ మీద మశూచి మచ్చలు తగ్గించాం, పెళ్ళికూతురి బుగ్గ నున్నగా చేశాం. మనిషిని చెరిపేసి ఆ చోట రాయి పెట్టడం మా పనిలో లేదు.

ఈ కాలంలోనూ మనుషులను చూసినవాళ్ళు లేకపోలేదు. వరంగల్‌లో పుట్టిన భరత్ భూషణ్ బతుకమ్మను, పల్లె ఆడవాళ్ళను, పాత ఇళ్ళ తలుపులను, గోడలను ఏళ్ళ తరబడి తిరిగి తీశారు. 2022లో పోయారు. ఆయన ఫొటోల్లో తలుపుకు వేసిన రంగు చూస్తేనే అది మన తెలంగాణ ఇల్లని తెలుస్తుంది. కందుకూరి రమేష్ బాబు దారిన పోయే మామూలు మనుషులను తీస్తూ, ఆ పనికి 'సామాన్యశాస్త్రం' అని పేరు పెట్టుకున్నారు. ఇంకా వెనక్కి పోతే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్. దర్బారులు, పులివేటలు తీసిన ఆయన స్టూడియో నుంచే కరువు పనుల ఫొటోల ఆల్బమ్ కూడా వచ్చింది. గాజు ప్లేట్లు, బండెడు బరువు పెట్టె, మూడుకాళ్ళ స్టాండు మోసుకుంటూ తీసిన కాలం అది. 1905లో ఆయన పోయారు. 2,800కు పైగా గాజు నెగెటివ్‌లు ఇప్పటికీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

నావి అంత భద్రంగా లేవు. కొన్ని బూజు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మా వైపు స్టూడియోలు మూతపడుతున్న రోజుల్లో పాత ఫిల్ములో వెండి తీసేవాళ్ళు ఊరూరా తిరిగి నెగెటివ్‌లు కిలోల లెక్కన కొన్నారు. తోటి వాళ్ళు కొందరు అమ్ముకున్నారు, వాళ్ళను నేనేమీ అనను, ఇంట్లో పొయ్యి వెలగాలి. ఎన్ని ఊళ్ళ ముఖాలు ఆ విధంగా కరిగి వెండి ముక్కలయ్యాయో తలుచుకుంటే నిద్ర పట్టదు. ఆ పిల్లగాడిని అడిగాను, ఒక్క పొద్దులో ఎన్ని ఫొటోలు తీస్తావని. మూడు వేలు అన్నాడు. ఎన్ని ప్రింటు వేస్తావు? ఆల్బమ్‌కు వంద. మిగతావి? హార్డ్ డిస్కులో రెండేళ్ళు ఉంచి చెరిపేస్తాడట.

పోయేటప్పుడు అతనితో అన్నాను: "నాయినా, ఎప్పుడన్న ఒక్కనివి రా. జంట వద్దు, డ్రోను వద్దు. ఎఫ్ 16 పెట్టి ఒక్క పన్నెండు ఫొటోలు తియ్. పన్నెండే. ఈ ఊరోళ్ళయి." సరే తాతా అన్నాడు. మర్యాదకు అన్నాడనుకున్నాను.

నెలన్నర తర్వాత, పెబ్బేరు సంత రోజు, శనివారం పొద్దున బైకు మీద వచ్చాడు. సన్నగా ఉన్న 35 ఎంఎం లెన్సు ఒక్కటే తెచ్చుకున్నాడు. సంతకు ఎద్దులను తోలుకుపోయే వాళ్ళను రోడ్డు మీదే ఆపి రెండు తీశాడు. పూలమ్మే ఆమెను గుడి ముందర తీశాడు. వెనక గోపురం తేటగా వచ్చింది, చూపించాడు. తర్వాత పుష్కరిణి దగ్గరికి పోయాం. అవ్వ అదే మెట్టు మీద కూర్చుని బిందె తోముతోంది. అతను మెట్లు దిగి కెమెరా పైకెత్తాడు.

కెమెరాను చూడగానే అవ్వ బిందె ఎత్తుకుని లేవబోయింది.

"కూసో అవ్వా, కూసో" అన్నాడు అతను. ఆమెకు అర్థం కాలేదు. నా దిక్కు చూసింది. "నీదే తీస్తుండు" అని నేను చెప్పాక బిందె కింద పెట్టి, తడి చేత్తో తల సవరించుకుని, వెనక్కి తిరిగి చూసి అడిగింది: "ఎనక గుడి వస్తదా బిడ్డా?"