పాకము కుదరని నూనె

గడచిన పదునొకండు దినములుగా నాకు కంటిమీద కునుకు లేకుండ జేసినది మూడున్నర లీటర్ల నూనె. అది వంటనూనెయే యైనచో ఆ విచారమును శ్రీమతికి వదలి పత్రిక చదువుకొనుచుండెడివాడను. కాని యిది కారు నూనె యగుటచేతను, కారు విషయమున మా యింట సర్వాధికారము నాదేయని పూర్వమొకప్పుడు నేనే ప్రకటించి యుండుటచేతను, తప్పించుకొను త్రోవ లేకపోయినది. కారుతో వచ్చిన పుస్తకమున '5డబ్ల్యూ-30' అని యచ్చువేసి యున్నది. బెజవాడ ఆటోనగరులోని మా మేస్త్రి యా పుటను జూచి, వైద్యుడు భూతవైద్యుని చీటిని జూచినట్లు జాలిపడి, "ఇవన్నీ చలి దేశాలోళ్ళు రాసుకున్నవి సార్. పల్చటి ఆయిల్ మన ఎండలకి నీళ్ళయిపోద్ది. ట్వంటీ డబ్ల్యూ ఫిఫ్టీ పోయించండి, బండి ఏనుగులా పోద్ది" అనెను. మా బావమఱది "15డబ్ల్యూ-40 పోయించు బావా, మధ్యేమార్గం" అనెను; వానికి పెండ్లిసంబంధములు మొదలు ఆవకాయలోని కారము వఱకు అన్నింటను మధ్యేమార్గమే. అంగడివాడు మాత్రము అంకెల జోలికి పోక, డబ్బాపై బంగారు రంగున మెఱయు 'ఫుల్లీ సింథటిక్' అను నక్షరములను ఒక వ్రేలితో జూపుచు, ధర యున్న చోటును తక్కిన నాలుగు వ్రేళ్ళతో గప్పెను.

ఆ 'డబ్ల్యూ' యనగా వెయిట్, అనగా బరువు, అని నేను ముప్పది యేండ్లుగా నమ్మి, అడిగినవారికిని అడుగనివారికిని బోధించి యుంటిని. అది వింటరట, చలికాలమట! దాని ముందరి యంకె, గడ్డకట్టు చలిలో ఇంజను మొదటిసారి తిరుగునప్పుడు నూనె యెంత యడ్డుపడునో తెలుపును. 20 గలదానిని సున్నకు దిగువ 15 డిగ్రీలయొద్దను, 5 గలదానిని సున్నకు దిగువ 30 డిగ్రీలయొద్దను పరీక్షింతురు. పుష్యమాసపు రాత్రి సున్నకు ఎగువ పదునైదు డిగ్రీలకు దిగినంతనే మంకీ టోపీలు బిగించి వీధిలో గుమిగూడు బెజవాడ జనులకు ఈ యంకెతో నేమి పని? ఆంధ్ర కాశ్మీరమని మనము మురిసిపోవు లంబసింగియే సున్నను తాకి వెనుకకు మఱలును. ఈ యంకె విలువ తెలిసినవాడు మిన్నియాపొలిస్‌లో నున్న మా పెద్దవాడు. జనవరిలో వాని వాకిట మంచులో నిలిచిన కారునకు అది ప్రాణసమస్య. "నాన్నా, ఆ మేస్త్రి మాట వదిలెయ్. పుస్తకంలో ఏముంటే అదే పోయించు" అని వాడు ఫోనులో జెప్పి, మీటింగున్నదని పెట్టివేసెను.

మనకు గావలసినది వెనుకటి యంకె. నూఱు డిగ్రీల వేడిమియొద్ద నూనె యెంత చిక్కదనము నిలుపుకొనునో అది చెప్పును: 30 అనగా 9.3 నుండి 12.5 లోపు సెంటీస్టోకులు, 50 అనగా 16.3 నుండి 21.9 లోపు. వేడికి ఏ నూనెయైనను పలచబడక తప్పదు. కలిపిన పాలిమర్లు ఆ పలచబాటును తగ్గించునే గాని మాన్పలేవు. వీధిలో 45 డిగ్రీల యెండ కాయుచున్నను, లోపలి నీటిని థర్మోస్టాటు 90 దాపున నిలుపజూచుచునే యుండును గనుక, మేస్త్రి భయపడినంతగా మన వేసవి యింజనులోనికి చొరబడదు. నిండు బరువుతో అరకు ఘాటెక్కు బండి నూనెకు గల కష్టము వేఱు. అక్కఱకు మించి చిక్కని నూనె పోసినచో అది పైభాగములకు ఎక్కుట ఆలస్యమగును, పెట్రోలు ఖర్చు పెరుగును. ఇదంతయు మేస్త్రికి విన్నవించితిని. అతడు బదులు చెప్పక, కొలకడ్డీని లాగి, కొసనున్న బొట్టును బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నద్ది, మెల్లగా విడదీసి నా ముక్కు నెదుట బెట్టెను. తీగ రాలేదు. "చూశారా?" అనెను. మా యమ్మ అరిసెల పాకము నిట్లే చూచెడిది. అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘము 1911లో నూనెలకు పట్టిక వేయుటకు పూర్వమే మా యింట లేతపాకము, తీగపాకము, ఉండపాకము అను వర్గీకరణము కలదు.

నూనె యను మాటయందే ఒక చమత్కారము కలదు. నువ్వుల నెయ్యి నూనె యయినది. సంస్కృతమునను తిలలనుండి పుట్టినదే తైలము. అట్లు రెండు భాషలను నువ్వులే యాక్రమించుకొనగా, ఏ గౌరవమును దక్కక మూలనున్నది ఆముదము. దానితో నాకు బాల్యవైరము. ఆదివారము తెల్లవాఱకమునుపే నాయనమ్మ నా ముక్కు మూసి, ఉగ్గుగిన్నెడు ఆముదమును గొంతులో వంచి, కేక పెట్టుటకు నోరు తెఱచినంతనే వేడి కాఫీ పోసి, ఆ దినమెల్ల చారన్నము తప్ప మఱేమియు లేదని తీర్పు చెప్పెడిది. అట్టి యాముదమును మొదటి ప్రపంచయుద్ధమున విమానములలో పోసిరని తెలిసిననాడు నాకు గలిగిన యాశ్చర్యము వర్ణనాతీతము. ఆ కాలపు విమానములు కొన్నింట సిలిండర్లే గిరగిర తిరుగుచుండెడివి. తక్కిన నూనెలు పెట్రోలులో కరిగిపోవగా, అంత సులభముగా కరగక పట్టుదలతో నిలిచినది ఆముదము. ఏ చెట్టును లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమందురు. ఆకాశమున వేఱు చెట్టు లేదు గదా! అయితే వాడిన నూనె యంతయు తుంపరలై వెనుకకు గొట్టుటచే, దానిని పీల్చిన వైమానికులకు కడుపులో ఏమి జరిగెడిదో మా నాయనమ్మ నడిగినచో రేఖామాత్రముగా గాక సవిస్తరముగా చెప్పియుండును. పైన శత్రువు, క్రింద ఫ్రాన్సు, మధ్య ఈ యవస్థ! వారికి చారన్నమైనను పెట్టిరో లేదో. క్యాస్ట్రాల్ అను పేరు కూడ ఇంగ్లీషువారి 'క్యాస్టర్', అనగా మన యాముదమునుండియే పుట్టినది. నేనా డబ్బాను అంగడిలో జూచిన ప్రతిసారియు నా ముక్కు దానంతట నదే మూసికొనుచున్నది.

ఏమి చెప్పుచుంటిని? 5డబ్ల్యూ-30. నిర్ణయము కొఱకు మఱల పుస్తకమునే తెఱవగా, చివర 'కఠిన పరిస్థితులు' అను పుట కనబడినది. దుమ్ము, తీవ్రమైన వేడిమి, ఆగుచు సాగుచు పోవు రద్దీ ఉన్నచో నూనెను ముందుగనే మార్చవలెనట. వారు అపాయములని వ్రాసినది మా వీధి చిరునామా! కాలువకని త్రవ్వి, కేబులుకని త్రవ్వి, పూడ్చుటకు మాత్రము ఎవరును రాని మా రోడ్డును తలచుకొని నవ్వుకొంటిని. పట్టికలో కడపటి పంక్తి చదివి నవ్వు మానితిని: ఇంజను పూర్తిగా వేడెక్కకమునుపే ముగియు చిన్న ప్రయాణములు. ఇంజను కాగనిచో లోపల చేరిన తేమ ఆవిరి గాదు, నూనెలోనే నిలిచి దానిని చెఱచును. ఒకప్పుడు నలుగురము కూరుకొని శ్రీశైలము ఘాటెక్కిన యీ కారు, ఇప్పుడు వారమున కొకసారి రెండు కిలోమీటర్ల దూరమునందలి రైతుబజారునకు పోయి వచ్చుచున్నది. వెనుక సీటుపై గోంగూర కట్టలు కూర్చుండును. ఇది సుఖమని నేనును, కఠినమని పుస్తకమును. పుస్తకముతో వాదించుటకు నాకు నోరు రాలేదు.

మఱునాడు మేస్త్రి "మీ ఇష్టం సార్, తర్వాత నన్నడక్కండి" అనుచుండగనే 5డబ్ల్యూ-30 పోయించితిని. కారునకు పట్టినది మూడున్నర లీటర్లు. డబ్బా నాలుగు లీటర్లది. మిగిలిన దానిని మా శ్రీమతి, ఏ పుస్తకమును జూడక, ఎవరి నడుగక, వీధిగేటు బందులకు పోసినది. కిర్రుమనుట ఆగినది.