పునర్లైసెన్సు పద్యం – టీకా తాత్పర్య సహితం

తే.గీ.
దేశమేగిన వాడెంత ధీరుడైన
పాత కార్డును జేబులో భద్రపరచి
మూడు నెలలందు పుట్టును మొదటినుండి;
ప్రీమియము గాంచి తొలికేక పెట్టు నతడు.

అవతారిక: ఈ పద్యకర్త పేరు తెలియదు. ప్రీమియం కట్టినవాడని నాలుగో పాదం చెబుతోంది. యతులన్నీ తీరుబడిగా కుదిరాయి కనుక, అప్పటికింకా ప్రాజెక్టులో పడలేదని కొందరి ఊహ. 'మూడు నెలలు' అన్నాడు కాబట్టి టెక్సస్‌వాడని నిర్ణయం. కాలిఫోర్నియావాడైతే 'పది దినములు' అనేవాడు, బ్రిటన్‌వాడైతే 'ఏడాది' అనేవాడు. అక్కడక్కడి గడువులు అవి.

ప్రతిపదార్థం: దేశము ఏగినవాడు = వీసా స్టాంపు పడి డల్లాస్‌లో దిగినవాడు; ఎంత ధీరుడైన = సాయంత్రం ఏడింటికి మెహదీపట్నంలో యూటర్న్ తీసుకోగల సమర్థుడైనప్పటికీ; పాత కార్డును = ఆర్టీఏ వారిచ్చిన లైసెన్సును; జేబులో భద్రపరచి = పర్సులో పిల్లల ఫొటో వెనక దోపుకొని; మూడు నెలలందు = తొంభై రోజుల లోపల; మొదటినుండి పుట్టును = రాతపరీక్ష దగ్గర నుంచి మళ్ళీ ఆరంభించును; ప్రీమియము కాంచి = ఇన్సూరెన్సు కోట్ చూసి; తొలికేక పెట్టును = స్పష్టమే.

తాత్పర్యం: కొత్త దేశంలో పాత అనుభవం పూర్వజన్మ స్మృతి వంటిది. ఉన్నవాడికి మాత్రమే ఉన్నట్టు తెలుస్తుంది.

విశేషాలు:

'పాత కార్డు' – ఇక్కడొక పూర్వపక్షం. "నా దగ్గర ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉంది, ఏడాది చెల్లుతుంది, మూడు నెలలనడం అసంగతం" అని. సమాధానం: 1949 నాటి జెనీవా రోడ్డు ఒప్పందం కింద ఇచ్చే ఆ పుస్తకం స్వయంగా లైసెన్సు కాదు, మన లైసెన్సును పై భాషల్లో చదివి వినిపించే టీక మాత్రమే. మూలం లేని టీకకు ప్రామాణ్యం లేదు (ఈ మాట రాయడం ఈ వ్యాఖ్యాతకు కొంచెం ఇబ్బందే). పైగా ఏడాది అన్నది పుస్తకం ఆయుష్షు. చూసిపోవడానికి వచ్చిన అతిథి సంగతి వేరు. ఇర్వింగ్‌లో అపార్టుమెంటు లీజు మీద సంతకం పెట్టి కాపురం మొదలుపెట్టినవాడు రాష్ట్ర నివాసి, అతడికి వర్తించేది తొంభై రోజుల లెక్కే.

'పుట్టును' – అందరికీ ఈ జన్మ తప్పదా? ఫ్రాన్స్, జర్మనీ, దక్షిణ కొరియా లైసెన్సులున్నవారికి టెక్సస్‌తో ఒప్పందం ఉంది. వారు పరీక్షలు రాయకుండానే కార్డు మార్చుకుంటారు. దీన్నే జన్మరాహిత్యం అంటారు. మన దేశం ఆ జాబితాలో లేదు.

మనవాడు 30 ప్రశ్నల పేపరులో 70 శాతం తెచ్చుకోవాలి. అదేమంత కష్టం కాదు, ఎంసెట్ రాసినవాడికి బిట్ పేపరు అంటే భయం ఉండదు. ఫోను చూస్తూ నడిపితే ఏమవుతుందో చెప్పే గంట వీడియో ఒకటి చూసి సర్టిఫికెట్ తీసుకోవాలి. తరవాత రోడ్డు పరీక్ష, పారలల్ పార్కింగ్‌తో సహా. ధీరులు పడిపోయేది ఇక్కడే. స్టాప్ బోర్డు దగ్గర ఎదర నరమానవుడు లేకపోయినా చక్రం పూర్తిగా ఆగాలి. లేన్ మారేటప్పుడు అద్దంలో ఓరకంట చూస్తే చాలదు, భుజం మీదుగా తల తిప్పడం పక్కసీట్లోని పరీక్షాధికారికి కనబడాలి. ఇక్కడ పరీక్షిస్తున్నది కారు నడపడాన్ని కాదు, నడపడం నేర్చుకున్నట్టు కనబడటాన్ని అని కొందరు అనుభవజ్ఞులు విసుక్కుంటారు. నాకు ఆ అభిప్రాయం లేదు. అడ్డొచ్చినవాడు తప్పుకుంటాడులే అన్న నమ్మకంతో ఇరవై ఏళ్ళు నడిపిన చేతికి ఆ పూర్తి స్టాపు ఒక్కటి నేర్పినా పరీక్ష సార్థకమే.

ఈ సందర్భంలో తర్కశాస్త్రజ్ఞులు చెప్పే అన్యోన్యాశ్రయ దోషం కూడా పరిశీలించాలి. రోడ్డు పరీక్షకు కారు మనమే తీసుకెళ్ళాలి, దానికి ఇన్సూరెన్సు కాగితం చూపాలి. ఇన్సూరెన్సు కంపెనీ వాడేమో "మీ టెక్సస్ లైసెన్సు నంబరు?" అని అడుగుతాడు. విదేశీ లైసెన్సు మీద పాలసీ ఇచ్చే కంపెనీలు లేకపోలేదు, రేటు మాత్రం ఆ దయకు తగ్గట్టే ఉంటుంది. అందుకే ఈ దోషానికి సంప్రదాయ పరిహారం ఒకటుంది: అప్పటికే పుట్టిన స్నేహితుడి కారు.

పుట్టినవాడి ఆయుష్షు కూడా ముందే రాసి ఉంటుంది. హెచ్-1బి మీద ఉన్నవాడి కార్డు, దేశంలో ఎన్నాళ్ళుండవచ్చో చెప్పే ఐ-94 పత్రంలోని తేదీతో ముగుస్తుంది. ఆ గడువు పొడిగిస్తే కార్డుకు మళ్ళీ ప్రాణం.

'ప్రీమియము' – పద్యానికి ఆయువుపట్టు ఇదే కనుక కొంత విస్తరిస్తాను. మన దేశంలో థర్డ్ పార్టీ ప్రీమియం కారును చూస్తుంది, మనిషిని చూడదు. 2022 ప్రకటన ప్రకారం 1000 నుంచి 1500 సీసీ కారుకు ఏడాదికి రూ. 3,416. నడిపేది తాతయ్యో, నిన్న లైసెన్సొచ్చిన మనవడో దానికి అనవసరం. టెక్సస్‌లో కారు కన్నా మనిషినే ఎక్కువ చదువుతారు: వయసు, పిన్‌కోడ్ వంటి జిప్‌కోడ్, డ్రైవింగ్ రికార్డు, చివరికి క్రెడిట్ స్కోరు. అప్పు తీర్చే అలవాటుకూ బ్రేకు తొక్కే అలవాటుకూ సంబంధం ఉందని వారి సిద్ధాంతం. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, హవాయి ఈ మతాన్ని ఒప్పుకోలేదు. కొత్తగా దిగినవాడికి రికార్డూ లేదు, స్కోరూ లేదు. చెడ్డవాడని కాదు, తెలియనివాడని ఆ రేటు. హైదరాబాదులో ఒక్క క్లెయిమూ లేకుండా సంపాదించుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్‌ను చాలా కంపెనీలు వినను కూడా వినవు. దాన్ని పాడుచేసుకోకూడదు: కారు అమ్మి వచ్చేముందు కంపెనీ నుంచి ఆ బోనస్ పత్రం రాయించుకుంటే మూడేళ్ళ లోపు తిరిగివెళ్ళినవాడికి పనికొస్తుంది. కారు ఇంట్లోనే ఉంచి పాలసీ మరచిపోతే, గడువు తీరిన 90 రోజులకు బోనస్ పోతుంది. తొంభై అంకెకు రెండు దేశాల్లోనూ మనమీద గురి ఉన్నట్టుంది.

ఇక 30/60/25 అనే మంత్రం. ఎదుటివాడికి గాయమైతే మనిషికి 30 వేల డాలర్లు, ప్రమాదం మొత్తానికి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేలు. టెక్సస్ చట్టం అడిగే కనీసం ఇది. ప్రీమియం తగ్గుతుందని కొత్తవారు ఇక్కడే ఆగిపోతారు. నా మటుకు పద్యంలో కేక పెట్టాల్సింది ఈ చోట. మన దేశంలో థర్డ్ పార్టీ గాయాలకు, ప్రాణనష్టానికి పరిమితి లేదు, ఆస్తికి మాత్రమే ఏడున్నర లక్షలని ఉంది. ఇక్కడ పరిమితి దాటిన ప్రతి డాలరూ మన మెడకే చుట్టుకుంటుంది. టెక్సస్ రోడ్ల మీద కొత్త పికప్ ట్రక్కును గుద్దితే 25 వేలు ఏ మూలకు? ఇన్సూరెన్సు లేనివాడు మనల్ని గుద్దితే ఆదుకునే కవరేజీ ఒకటుంది. వద్దని మనం రాసివ్వనంత వరకు కంపెనీ దాన్ని చేర్చాల్సిందే. తొందరలో ఆ సంతకం పెట్టేస్తుంటారు.

'తొలికేక' – తొలి అనడంలో మలికేక ధ్వనిస్తోంది. అంకె చూసి పెట్టేది మొదటిది. ఆ అంకె ఏడాదికి కాదు, ఆరు నెలలకని తెలిసి పెట్టేది రెండోది.

పాఠాంతరం: నాలుగో పాదం చివర 'పెట్టు నాలి' అని కొన్ని ప్రతుల్లో ఉంది. ఆలి కేక ఎందుకు పెడుతుందని ఆక్షేపణ. ఇంట్లో నడిపే వయసున్నవాళ్ళందరి పేర్లూ కంపెనీ అడుగుతుంది, ఆమెది చేర్చగానే ప్రీమియం ఇంకో మెట్టెక్కుతుంది, కారణం చదివింది ఆమె అని సమాధానం. ఛందస్సుకు ఏ పాఠమైనా చెల్లుతుంది. పాలసీలో మాత్రం ఇద్దరి పేర్లూ ఉండాలి.