అరటి భవిష్యత్తు

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో చేరిన పిల్లలంతా మూడేళ్లలో మొత్తం పది నెలలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలని రూలు పెట్టారు. మా కడప జిల్లాలో అయితే పులివెందుల పిల్లలు అరటికాయల మండీలకు, జమ్మలమడుగు పిల్లలు నాపరాయి పాలిష్ మిషన్ల కాడికి, ప్రొద్దుటూరు పిల్లలు బంగారు అంగళ్లకు పోతారు. పోతారని రాయడం మర్యాద కోసం. చాలామంది పోయేది రిపోర్టులు తయారుచేసిచ్చే జిరాక్స్ అంగడికి.

ప్రొద్దుటూరులో తెలుగు బీఏ చదివే పిల్ల ఒకతె మాత్రం నిజంగానే ఒక ప్రెస్సులో చేరింది. పెళ్లిపత్రికలు, నగల అంగళ్ల రశీదు పుస్తకాలు, మధ్య మధ్య సొంత ఖర్చుతో అచ్చేయించుకునే రచయితల పుస్తకాలు, అదీ అక్కడి ప్రచురణ రంగం. గడియారం వేంకటశేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని, పుట్టపర్తి నారాయణాచార్యులు తిరిగిన ఊరు గదా, రాసేవాళ్లకు ఇప్పటికీ కొదవ లేదు. కొనేవాళ్ల సంగతి అడగొద్దు.

మొదట్లో ఆ పిల్లకు అను ఫాంట్లలో ఉన్న మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చి, తారుమారైన ఒత్తులు సరిచేసే పని ఇచ్చారు. తరవాత ప్రూఫులు. ఓనరు చెప్పిన మొదటి పాఠం ఇది: "చదవొద్దు మ్మా, చూడు. చదివితే తప్పును నీ బుర్రే దిద్దుకొని పోతాది. కాగితం మీద అట్లనే ఉంటాది."

రెండో పాఠం మాత్రం పెద్దది. దానికాయన బ్రౌన్ దొరను పిలుచుకొచ్చాడు. 1820లో కడపకు వచ్చినాయన వేమన పద్యాల తాళపత్రాలు దొరికినన్ని పోగేసి, పండితులకు జీతాలిచ్చి, ప్రతికి ప్రతి పక్కన పెట్టించి పాఠాలు సరిచూపించాడు. 1829లో 693 పద్యాలు అచ్చేసి, చాలదని మళ్లా వెతికి 1839లో 1164 అచ్చేశాడు. "ఏ ప్రతి ఏ ప్రతికి పుట్టిందో ఎట్ల తెలుస్తాది?" అని ఓనరే అడిగి, ఓనరే చెప్పాడు. "రెండింట్లో ఒప్పు ఒకటే అయితే ఏమీ తెలీదు మ్మా. ఒప్పు ఎవురైనా రాస్తారు. తప్పు ఒకటే అయితే మాత్రం ఒకటి ఇంకోదాని కడుపున పుట్టిందన్నా కావాల, రెండూ ఒకే తల్లి బిడ్డలన్నా కావాల."

మూడోది వ్యాపార పాఠం. అనుమానం వచ్చిన చోట పక్కన ప్రశ్న గుర్తు పెట్టి రచయితకు పంపాలి. ఆయన 'ఉన్నది ఉన్నట్టు వెయ్యండి' అని రాసి సంతకం పెడితే ఇంక బ్రహ్మ దిగొచ్చినా మార్చకూడదు. రేపు గొడవైతే ఆ కాగితమే దిక్కు.

వైవా రోజు వచ్చింది. పరీక్ష చేయను వేరే ఊరి నుంచి పెద్ద సారు వచ్చాడు. జమ్మలమడుగు, పులివెందుల కాలేజీల్లో వైవాలు ముగించుకొని వస్తున్నాడు, అక్కడి రిపోర్టులు కూడా సంచిలో ఉన్నాయి. ఈ పిల్ల రిపోర్టు పలచగా ఉంది. సారు చేత్తో బరువు చూసి పక్కన పెట్టాడు.

"ప్రెస్సులో ఏం నేర్చుకున్నావు మ్మా?"

"ఎవురు ఎవుర్ని చూసి రాసినారో కనుక్కోవడం నేర్చుకున్నా సార్."

సారుకు నవ్వొచ్చింది. మూడు ఊళ్ల రిపోర్టులు తలా ఒకటి తీసి ముందర పడేశాడు. ప్రొద్దుటూరుది బంగారం మీద, జమ్మలమడుగుది నాపరాయి మీద, పులివెందులది అరటి మీద. పిల్ల మూడూ పక్కపక్కన పరుచుకొని, కాసేపు పేజీలు తిప్పి చెప్పింది.

"బంగారం రిపోర్టు చివర 'ఈ రంగంలో యువతకు బంగారు భవిష్యత్తు ఉంది' అని ఉండాది సార్. జమ్మలమడుగు దాంట్లో అదే చోట 'నాపరాయి భవిష్యత్తు'. పులివెందుల దాంట్లో 'అరటి భవిష్యత్తు'. కంప్యూటర్లో ఒక మాట తీసి ఇంకో మాట పెట్టమంటే అన్నిచోట్లా పెట్టేసింది."

"రెండూ బంగారాన్ని చూసి రాసినవేనా?"

"కాదు సార్. పులివెందుల రిపోర్టులో 'అరటిని రంపం మిషన్‌తో కోసి, పాలిష్ పట్టి, లారీలకు ఎత్తుతారు' అని ఉండాది. రంపం బంగారానిది కాదు, రాయిది. బంగారానికి రాయి, రాయికి అరటి పుట్టినాయి. బంగారం దేనికి పుట్టిందో చెప్పలేను, ఈ మూడింట్లో పెద్దది మాత్రం అదే."

సారు తొడ చరిచి నవ్వాడు. ఆ రెండు రిపోర్టుల మీద అక్కడికక్కడే ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టాడు. కాపీ ఎంత నీచమో, దేశం ఎట్ల చెడిపోతున్నదో కాసేపు చెప్పాడు. అప్పుడుగానీ పిల్ల రిపోర్టు అట్ట మీద ప్రెస్సు పేరు చూడలేదు.

"అరె, నా గండికోట పుస్తకం అచ్చయ్యేది గూడా ఈడనే గదమ్మా! చూసినావా?"

"ప్రూఫులు దిద్దింది నేనే సార్. ఈ పని నేర్చుకుందే దాని మీద."

సారు మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "అంటే?"

"మీ పుస్తకం ఆరు ఫారాలు సార్, 96 పేజీలు. నలభయ్యో పేజీ అడుగున '112వ పుట చూడుడు' అని ఉండాది. ఆ 112 యాడుందో అని వెతికితే లైబ్రరీలో దొరికింది, ఒక పాత పుస్తకంలో. తక్కిన పేజీలు గూడా ఆడనే ఉండాయి."

సారు వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఆ ఒక్క లైను నువ్వే తీసేసి ఉండొచ్చు గదమ్మా?"

"గుర్తు పెట్టి మీకే పంపినా సార్. 'ఉన్నది ఉన్నట్టు వెయ్యండి' అని మీరు సంతకం పెట్టినారు. ఆ కాగితం నా రిపోర్టులో ఉండాది, అనుబంధం మూడు."